కర్నూలు రద్దీలో ఒక గంట ప్రశాంతంగా: గోల్ గుమ్మజ్ ఆవరణకి ఎలా వెళ్ళాలి, అక్కడ ఎలా గడపాలి

కర్నూల్లో పార్కుకి పోదామంటే ముందుగా గుర్తొచ్చేవి పిల్లల ఉయ్యాలలు, ఐస్‌క్రీం బండ్లు, ఆదివారం సాయంత్రం జనం. ఆ సందడి కావాలనుకున్న రోజు అదే బాగుంటుంది. కానీ కొన్ని రోజులు తల వేడెక్కిపోయి ఉంటుంది. ఆఫీసు టెన్షనో, ఇంట్లో మాటామాటా అనుకోవడమో, ఆసుపత్రిలో ఎవరినో చేర్పించి రిపోర్టుల కోసం ఎదురుచూడడమో ఏదో ఒకటి ఉంటుంది. అలాంటి రోజున ఎవరూ పలకరించని చోట, చెట్టు నీడన, ఒక గంట ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. అలాంటి చోటు మన ఊళ్ళోనే ఉంది. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. ఊళ్ళో గోల్ గుమ్మజ్ అంటారు. ఎత్తైన అరుగు మీద రెండు గుమ్మటాలు, కమానులు, వరండా, చుట్టూ ఖాళీ జాగా, పచ్చిక, చెట్లు.

కర్నూలు అనగానే అందరూ కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. గోల్ గుమ్మజ్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి లోపలికి ఒక్కసారి కూడా అడుగుపెట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, బయటినుంచి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఖాళీ జాగా ఎందుకు మిగిలిందో తెలుసుకోండి

వెళ్ళేముందు ఇది తెలిస్తే అక్కడ మన నడవడికే మారుతుంది. ఊరి మధ్యలో సెంటు జాగా దొరికితే షాపు లేచే రోజులివి. మరి ఇంత జాగా ఎలా మిగిలింది? ఈ సమాధి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆ తర్వాత మరో 200 మీటర్లలో ఏం కట్టాలన్నా అనుమతి ఉండాలి. ఆ చట్టం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ఎంత ఇబ్బందో వాళ్ళని అడిగితే చెబుతారు, వాళ్ళ బాధ నిజమైనదే. అయినా మీరు కూర్చోబోయే నీడ మిగిలిందంటే ఆ చట్టం వల్లనే.

ఇంకో సంగతి. గోల్ గుమ్మజ్ అన్న పేరు విని చాలామంది దీన్ని బీజాపూర్‌లో ఉన్న పెద్ద సమాధి గోల్ గుంబజ్‌కి నకలు అనుకుంటారు. అబ్దుల్ వహాబ్ బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును పాలించినవాడు. ఆయన సమాధి 1618 ప్రాంతానిది. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో ఉన్న మహమ్మద్ ఆదిల్‌షా చనిపోయింది 1656లో. అంటే వయసులో మనదే పెద్దది. మీ పిల్లల్ని తీసుకెళ్తే ఇది తప్పకుండా చెప్పండి, వాళ్ళకి తెగ నచ్చుతుంది.

టైం ఎంచుకోవడం

సగం పని ఇక్కడే ఉంది. కర్నూలు ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా పొద్దున తొమ్మిది దాటితే బయట కూర్చోవడం కష్టం. ఆ నెలల్లో వెళ్ళాలనుకుంటే తెల్లారగానే వెళ్ళండి, ఎనిమిదిన్నరకల్లా లేవండి. రక్షిత కట్టడాలు మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంటాయి. కానీ తాళం తీసే మనిషి రావాలి కదా, కాబట్టి మరీ చీకట్లో పోయి గేటు దగ్గర నిలబడకండి.

నన్నడిగితే అన్నిటికన్నా మంచి రోజులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండ మెత్తగా ఉంటుంది, పది గంటలదాకా కూడా కూర్చోవచ్చు. ఆ తర్వాత నా ఓటు జులై, ఆగస్టు నెలల్లో వాన వెలిసిన మర్నాటి పొద్దుటికి. నాలుగు చినుకులు పడితే చాలు, రాయలసీమ మట్టి వాసన ఎలా లేస్తుందో మీకు తెలుసు. పాత గచ్చు గోడలు తడిసి రంగు చిక్కబడతాయి. అయితే హంద్రీకి ఎగువన పెద్ద వానలు పడుతున్నాయని వార్తల్లో వస్తే ఆ వైపు పోకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి ఎలా వచ్చాయో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

వారం మధ్యలో వెళ్ళడం మేలు. ఆదివారాలు, పండగలు, పరీక్షలు అయిపోయిన వారం వదిలేయండి.

ఏం తీసుకెళ్ళాలి

ఒక లీటరు నీళ్ళు, పరుచుకోవడానికి పాత తువ్వాలు, తలకి టోపీ గానీ చున్నీ గానీ. వానాకాలంలో అయితే దోమలకి రాసుకునే మందు. చెత్త వేసుకోవడానికి ఒక చిన్న కవరు. ఇంతే చాలు. స్పీకరు, క్యారంబోర్డు, క్యారేజీ ఇంట్లోనే ఉంచండి. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి ఉన్న చోట తప్ప వండుకోవడం, తినడం కుదరదు. కాబట్టి టిఫిన్ కానిచ్చి రండి. పొద్దునే ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. బాత్రూం పని కూడా ముందే చూసుకోండి, ఇది పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అస్సలు మరిచిపోకూడదు.

దారి: ముందు బురుజు, తర్వాత గుమ్మజ్

నేరుగా గోల్ గుమ్మజ్‌కే వెళ్ళొచ్చు. కానీ మొదటిసారి వచ్చేవాళ్ళు కొండారెడ్డి బురుజు మీదుగా రండి. దానికి కారణం ఉంది. బురుజు దగ్గర ఆటోల హారన్లు, తోపుడు బండ్లు, బస్సులు, కేకలు అన్నీ ఒకేసారి చెవులమీద పడతాయి. కాసేపు అక్కడ నిలబడి, పాత కోటలో మిగిలిన ఆ ముక్కని చూడండి. పదిహేడో శతాబ్దంలో అలంపురం పాలకుడు కొండారెడ్డిని అప్పటి కర్నూలు పాలకుడు గోపాలరాజు ఇక్కడే బంధించాడని, ఆయన పేరే దీనికి నిలిచిందని చెబుతారు. ఇక్కడినుంచి గద్వాల దాకా తుంగభద్ర కిందినుంచి సొరంగం ఉందని మన తాతలు చెప్పిన కథ ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతూనే ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. గుడారాల్లో ఆఫీసులు నడిచిన ఆ రోజులకి గుర్తుగా బి క్యాంపు, సి క్యాంపు పేర్లు ఇంకా ఆటోవాళ్ళ నోట్లో ఉన్నాయి. ఆ చరిత్రంతా ఇప్పుడు ట్రాఫిక్ మధ్య నిలబడి ఉంది. దాన్ని చూసి, ఆ మోత విని, అక్కడినుంచి గుమ్మజ్‌కి వెళ్తే తేడా వెంటనే తెలుస్తుంది.

బస్టాండులో దిగితే బురుజుకి ఆటో ఇట్టే దొరుకుతుంది, ఆ పేరు తెలియని ఆటో డ్రైవరు కర్నూల్లో ఉండడు. గుమ్మజ్ విషయంలో మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. "అన్నా, హంద్రీ కాడ గోల్ గుమ్మజ్ ఉంది గదా, ఆడికి పోవాల" అనండి. ఆయన ఇంకా ఆలోచిస్తుంటే "పాత నవాబు సమాధి" అనండి. పాతబస్తీలో పెద్ద వయసు డ్రైవరయితే ఇంకేం అడక్కుండా తీసుకెళ్తాడు. ఫోన్ మ్యాప్‌లో వెతికేవాళ్ళు అబ్దుల్ వహాబ్ పేరుతో వెతకండి. గోల్ గుమ్మజ్ అని కొడితే ఫోను మిమ్మల్ని బీజాపూర్‌కి పంపే ప్రమాదం ఉంది. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. సొంత బండి ఉంటే సందుల్లో ఇళ్ళ ముందు అడ్డంగా పెట్టకండి. అక్కడివాళ్ళు రోజూ తిరిగే దారి అది.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లారుజామున బయల్దేరితే తుంగభద్ర బ్రిడ్జి దాటేసరికి పొద్దెక్కిపోతుంది. చలికాలంలో అయితే ఫరవాలేదు. ఎండాకాలంలో ముందురోజు రాత్రే చేరి ఇక్కడ పడుకోవడం మంచిది.

గేటు దగ్గర

పురావస్తు శాఖ నీలం బోర్డు కనిపిస్తుంది. దాన్ని ఒకసారి చదవండి. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టం చెబుతోంది. గేటు మూసి ఉంటే దూకే పని పెట్టుకోకండి. చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, "భాయ్, వాచ్‌మన్ యాడున్నాడు?" అంటే చాలు, పిలిచి పెడతారు. కాపలా మనిషి కనిపిస్తే ముందు నమస్కారమో సలామో పెట్టి రెండు మాటలు మాట్లాడండి. ఎండలో వానలో ఆ పచ్చికకి నీళ్ళు పట్టేది, చెత్త ఏరేది ఆయనే. "కాసేపు కూర్చుని పోతాం పెద్దాయనా" అంటే ఏ చెట్టు కింద నీడ ఎక్కువసేపు ఉంటుందో ఆయనే చూపిస్తాడు. ఆ సంగతి ఆయనకన్నా తెలిసినవాళ్ళు ఉండరు.

ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు. ట్రైపాడ్, పెళ్ళికి ముందు షూటింగులు, డ్రోన్లు అంటే ముందుగా శాఖ నుంచి అనుమతి ఉండాలి.

ఇక అసలు పని: కూర్చోవడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. లోపలికి వస్తారు, గుమ్మటాల ముందు నాలుగు ఫొటోలు దిగుతారు, "ఇంతేనా" అనుకుని పది నిమిషాల్లో బయటపడతారు. ఆ లెక్కన ఇది నిజంగానే ఇంతే. టికెట్టు కొని చూసే వింతలేమీ ఇక్కడ లేవు. ఇది కూర్చునే చోటు.

మొదట ఆవరణ చుట్టూ ఒకసారి నింపాదిగా నడవండి. ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ చీమలు ఉన్నాయో చూసుకోండి. తర్వాత ఫోను సైలెంట్‌లో పెట్టి సంచిలో వేయండి. జేబులో కాదు, సంచిలో. జేబులో ఉంటే చెయ్యి దానంతటదే పోతుంది. తువ్వాలు పరిచి, వీపుకి ఆనుకునేందుకు చెట్టు చూసుకుని కూర్చోండి. గోడలకి, కమానులకి ఆనుకోవద్దు. నాలుగు వందల ఏళ్ళ గచ్చు అది, మన వీపు రాపిడికే పెచ్చులు రాలుతుంది.

మొదటి పావుగంట ఏమీ బాగుండదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే అక్కడే చాలామంది లేచిపోతారు. ఇంట్లో గ్యాస్ కట్టేశానా, ఆ మెయిల్‌కి జవాబిచ్చానా అని మనసు గింజుకుంటుంది. దూరంగా రోడ్డు మోత ఇంకా చెవుల్లో ఉంటుంది. గింజుకోనివ్వండి. దాన్ని ఆపాలని చూడకుండా కళ్ళకి ఒక పని అప్పగించండి.

ఏం పని? ఒక ఉదాహరణ చెబుతాను. మన ఊళ్ళో ఎక్కడ చూసినా కానుగ చెట్టు ఉంటుంది. దాని కింద రాలిన ఆకు ఒకటి తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చాలా ఆకుల మీద సన్నగా, వంకరటింకరగా తెల్ల గీతలు ఉంటాయి. ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్యలో దూరి, తింటూ పోయిన చిన్న పురుగు దారి అది. మొదలైన చోట గీత వెంట్రుకంత ఉంటుంది. పురుగు పెరిగిన కొద్దీ గీత వెడల్పవుతుంది. కొన్ని ఆకుల మీద ముట్టుకుంటే గరుకుగా తగిలే పొడుగాటి బుడిపెలు ఉంటాయి. కంటికి ఆనని నల్లి లోపల కాపురం పెడితే ఆకు కట్టుకున్న ఇళ్ళవి. ఇంత తిన్నా, ఇంత కుట్టినా కానుగకి ఏమీ కాదు. ఏప్రిల్ వచ్చేసరికి అంత ఎండలోనూ లేత ఆకు తొడుగుతుంది, లేత ఊదారంగు పూలు రాల్చి నేల నింపుతుంది. చెట్టు మీది ఆకు మాత్రం తెంపొద్దు. కింద రాలినవి కావలసినన్ని ఉంటాయి.

జూన్‌లో వెళ్తే వేపచెట్టు కింద కూర్చోండి. పండిన వేపకాయల కోసం పికిలిపిట్టలు, గోరింకలు, కాకులు వస్తాయి. కాసేపు కదలకుండా ఉంటే ఉడుతలు మీ కాళ్ళ దాకా వస్తాయి. పిట్టల పేర్లు తెలియాల్సిన పని లేదు. ఏది ఒంటరిగా వచ్చింది, ఏది జతగా వచ్చింది, ఏది కింద పడిన పండు తింటోంది, ఏది కొమ్మ మీదే తింటోంది అని చూస్తుంటే చాలు. అలా చూస్తుండగా ఎప్పుడో రోడ్డు మోత వినడం మానేస్తాం. అది తగ్గి కాదు, మనం అటు చెవి పెట్టడం మానేసి.

పుస్తకం తెచ్చుకోవచ్చా అని అడుగుతారు. తెచ్చుకోండి, కానీ మొదటి అరగంట తెరవకండి.

లేచాక కట్టడం చూడండి

ఒళ్ళు, మనసు రెండూ కుదుటపడ్డాకే గుమ్మజ్ దగ్గరికి వెళ్ళండి. అప్పుడు కళ్ళు వేరుగా పనిచేస్తాయి. మెట్లెక్కేముందు దూరంగా నిలబడి రెండు గుమ్మటాలూ ఒకేసారి కనిపించే చోటు వెతకండి. తర్వాత కమానుల కింద నడుస్తూ, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి వరండా నేల మీద నీడలు ఎలా గీస్తుందో చూడండి. ఏ నీడా ఒక్కచోట నిలవదు. చూరు కింద, కమానుల అంచుల్లో సున్నం పనివాళ్ళ చేతి పనితనం ఇంకా మిగిలి ఉంది. ఒకచోట నునుపుగా, ఇంకోచోట చెయ్యి ఆగి మళ్ళీ మొదలైనట్టు ఉంటుంది. వాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు.

ఇది సమాధి అన్న సంగతి మరవకండి. సమాధి ఉన్న గదిలోకి వెళ్ళేటట్టయితే చెప్పులు బయటే విడవండి, గొంతు తగ్గించండి. గుమ్మటం కింద ప్రతిధ్వని వస్తుందేమోనని అరిచి చూసేవాళ్ళుంటారు. ఏ మతంవాళ్ళయినా తమ పెద్దల సమాధి దగ్గర అలా అరవరు కదా. ఎవరైనా ఫాతిహా (చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన) చదువుకుంటుంటే అయ్యేదాకా బయట ఆగండి.

గోడల మీద పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మలు కనిపిస్తే మీ పిల్లలకి చూపించండి. తిట్టడానికి కాదు. సున్నం పొర ఒకసారి గీసుకుపోతే లోపలికి వాన నీళ్ళు దిగి చుట్టూ ఉన్న గచ్చు కూడా ఉబ్బి రాలుతుందని వివరించడానికి. పిల్లలకి కారణం చెబితే పట్టుకుంటారు.

ఎవరెవరు ఎలా

ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తే పొద్దుటిపూట, కాపలా మనిషి ఉన్నప్పుడు వెళ్ళండి. ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. నిశ్శబ్దంగా ఉన్న చోటు అందరికీ ఒకేలా నిశ్చింతగా ఉండదు, అది మన ఊరి వాస్తవం. ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకెళ్ళి, పది అడుగుల దూరంలో ఎవరి చెట్టు కింద వాళ్ళు కూర్చోవడం మంచి ఉపాయం. పొద్దుగూకే వేళకి ఎవరైనా బయటికి వచ్చేయాలి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అరుగు మెట్లు ఇబ్బంది కావచ్చు. వాళ్ళని మెట్లెక్కించాలని పట్టుబట్టకండి, ఒక మడత కుర్చీ తీసుకెళ్ళి చెట్టు కింద వేస్తే చాలు. చిన్నపిల్లలతో వెళ్తే గంట కూర్చోబెట్టడం కుదరదు. వాళ్ళకి రాలిన ఆకుల్లో అయిదు రకాలు ఏరుకు రమ్మనే పని ఇవ్వండి. పరుగెత్తుకుంటూ పోయినా, కాసేపటికి వాళ్ళే నేల మీదకి వంగి నెమ్మదిస్తారు.

వచ్చేముందు, వచ్చాక

కూర్చున్న చోట మీ చెత్తతో పాటు ఇంకొకరు పారేసిన గుట్కా ప్యాకెట్టో, చాక్లెట్ కాగితమో ఒకటి కూడా కవర్లో వేసుకోండి. గోడ కూలుతున్నా, ఎవరైనా లోపల తవ్వుతున్నా, చెత్త పోస్తున్నా ఒక ఫొటో తీసి తేదీ రాసి పురావస్తు శాఖకి పంపండి. ఆంధ్రప్రదేశ్‌లోని కట్టడాలను చూసేది అమరావతి సర్కిల్. చిరునామా వాళ్ళ వెబ్‌సైటులో దొరుకుతుంది. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, ఏది, ఎక్కడ, ఎప్పుడు చూశారో మూడు ముక్కల్లో రాస్తే చాలు. జనం రాని కట్టడం ఏ అధికారికీ గుర్తుండదు. వచ్చేవాళ్ళు ఉన్నారని తెలిస్తే నీళ్ళ ట్యాంకరయినా టైముకి వస్తుంది.

ఇంకా పొద్దుంటే ఆటో ఎక్కి తుంగభద్ర ఒడ్డున సాయిబాబా గుడి వైపు పోవచ్చు, నదీ గాలి బాగుంటుంది. లేదంటే పాతబస్తీలో టీ తాగి బస్టాండుకి వచ్చేయండి. వచ్చే నెలలో ఇంకో రోజు క్యాలెండర్లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి, ఈసారి వేరే చెట్టు కింద కూర్చుందురుగాని.